అనంతపురంలో ఎలక్ట్రీషియన్‌కు నెలంతా పని దొరకాలంటే ఏం చేసేది?

కొత్తగా వచ్చినోడు:
ఆదోని నుంచి అనంతపురం వచ్చి 3 నెలలైంది. ఐటీఐ ఎలక్ట్రీషియన్, హౌస్ వైరింగ్ బాగా వచ్చు. పొద్దున 7కల్లా అడ్డా మీద నిలబడినా నెలకు 10, 12 దినాలకు మించి పని పడటం లేదు. మేస్త్రీలకు ఎవరి మనుషులు వాళ్లకుండారు. కియా కార్ల ఫ్యాక్టరీ వైపు పోదామా, ఈడే ఏదన్నా చూసుకుందామా? తెలిసినోళ్లు చెప్పండన్నా.

బోరు మోటారు:
తమ్ముడూ, అడ్డా మీద దొరికేది గోడ కొట్టి పైపు పెట్టే పనే. వైరింగ్ మనిషి కోసం ఇల్లు కట్టించేవాళ్లు అడ్డాకు రారు, మేస్త్రీని అడుగుతారు. ఈ జిల్లాలో కరెంటు పనంటే బోర్లే. కాలిన మోటార్లకు మళ్లీ రాగి చుట్లు చుట్టే రివైండింగ్ షాపు పట్టుకో. ఎండాకాలమంతా బోరు లోపల నీళ్లలో ఉండే సబ్‌మెర్సిబుల్ మోటార్లు వరసగా వస్తాయి.

పొలాలకు త్రీఫేజ్ కరెంటు రాగానే ఆటో స్టార్టర్లున్న (వాటంతటవే ఆన్ అయ్యే) మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడు పడి వోల్టేజి కుంగుతుంది, మోటారు ఆంప్స్ ఎక్కువ లాగి వేడెక్కుతుంది. ఒక ఫేజు పోతే ఇంకా తొందరగా కాలుతుంది. విప్పి చూడు: స్టార్ కనెక్షన్‌లో రెండు ఫేజుల చుట్లు కరిగి మూడోది శుభ్రంగా ఉంటే ఫేజు పోయినట్టు. మూడూ ఒకే తీరుగా మాడితే లో వోల్టేజో, పంపు జామో. ఇది రైతుకు చూపించి చెప్పగలిగినోడిని షాపాయన వదులుకోడు. కారణం సరిచెయ్యకుండా బోరులోకి దింపితే అదే మోటారు మళ్లీ కాలి వస్తుంది, తగువు షాపు మీద పడుతుంది.

దింపేముందు 500 వోల్టుల మెగ్గర్‌తో (కరెంటు బాడీలోకి కారుతోందా అని చూసే మీటరు) చుట్లకూ బాడీకీ మధ్య పెట్టి చూడు, 1 మెగోమ్‌కు తక్కువుంటే దింపొద్దు. మోటారు లోపల నీళ్లు పోసే రకమైతే బుడగలన్నీ పోయినాకే మూత బిగించు. కేబుల్ జాయింట్లు మూడూ ఒకే చోట వెయ్యొద్దు, మెట్లు మెట్లుగా వెయ్యి.

చేరేటప్పుడే రెండు అడుగు: వైండింగ్ పీసుకు ఎంత, పొలానికి పోయి ఎత్తి దింపితే వేరేగా ఇస్తారా.

పెనుకొండ రూటు:
కియా ఉండేది పెనుకొండ దగ్గర యర్రమంచిలో, అనంతపురం నుంచి సుమారు 70 కిలోమీటర్లు. షిఫ్టులకు రోజూ తిరగలేవు, రూము తీసుకోవాల్సిందే. చుట్టుపక్కల విడిభాగాల కంపెనీల్లో మెయింటెనెన్స్‌కు ఐటీఐ వాళ్లను తీసుకుంటారు, ఎక్కువగా కాంట్రాక్టర్ కింద. జీతం 21,000 లోపుంటే ఈఎస్ఐకి 0.75 శాతం, పీఎఫ్‌కు బేసిక్, డీఏల మీద 12 శాతం కోస్తారు. రెండో నెల జీతం పడినాక పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి చూడు. స్లిప్పులో కోత ఉండి అందులో జమ లేకపోతే కాంట్రాక్టర్ కట్టలేదన్నమాట. ఉద్యోగానికి ముందు డబ్బు కట్టమనే ఏజెంటు దగ్గర కూర్చోవద్దు, లేచి వచ్చెయ్.

కొత్తగా వచ్చినోడు:
షాపు పని బాగుందన్నా. వానలు పడినాక ఏం చేసేది?

మిద్దె మీద సోలార్:
నిజమే, చెరువులు నిండితే మోటార్ల పని సగం పడిపోతుంది. అప్పటికి సోలార్ వెండర్ ఎవరినన్నా పట్టుకో. 2024 ఫిబ్రవరిలో ఇళ్ల మిద్దెల మీద సోలార్ పెట్టుకునే కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ మొదలైంది, 3 కిలోవాట్లకు సబ్సిడీ 78,000 రూపాయలు. వైరింగ్ వచ్చినోళ్లు ఇక్కడ తప్పు చేసేది డీసీ వైపే, అంటే ప్యానెళ్ల నుంచి ఇన్వర్టర్ దాకా. ప్యానెల్ వైర్లను కలిపే ఎంసీ4 కనెక్టర్‌ను పట్టకారుతో నొక్కితే లోపల వదులుగా ఉండి వేడెక్కి కరుగుతుంది, దాని క్రింపింగ్ టూల్‌తోనే నొక్కాలి. లోడు మీద ఉండగా లాగితే మంట లేస్తుంది, ముందు ఇన్వర్టర్ ఆపి, డీసీ ఐసోలేటర్ దించు. వైర్‌మన్ పర్మిట్ లేకుంటే దానికి అప్లై చేసి పెట్టుకో.

కొత్తగా వచ్చినోడు:
మెగ్గర్ కొనాల్నా?

బోరు మోటారు:
ఇప్పుడే వద్దు, షాపులో ఉంటుంది. ముందు వైరు చుట్టూ పట్టించి ఆంప్స్ చూసే క్లాంప్ మీటర్ కొను. మోటారు దింపి ఆన్ చేసినాక మూడు వైర్లకూ వేర్వేరుగా పెట్టి ఆంప్స్ చూడు, మోటారు ప్లేటు మీది అంకెతో సరిపోల్చు. ఆ మూడు అంకెలూ, తేదీ రాసి స్టార్టర్ డబ్బా మూత లోపల అంటించు. కింద నీ ఫోన్ నంబరు.