చాక్లెట్‌కి ఎసరు

ప్రశ్న: నిన్న ఓ పాత మెక్సికన్ సినిమా చూశాను. స్పానిష్ పేరు ‘కోమో ఆగ్వా పారా చోకొలాతే’, ఇంగ్లీషులో ‘లైక్ వాటర్ ఫర్ చాక్లెట్’ అని పెట్టారు. మాటకి మాట మారిస్తే ‘చాక్లెట్‌కి నీళ్ళలా’ అవుతోంది. సినిమా అంతా చూసినా పేరు సంగతి తేలలేదు. తెలుగులో ఏమనొచ్చు?

జవాబు: మనకి చాక్లెట్ అంటే చప్పరించేది. మెక్సికోలో అది మొదట్నుంచీ తాగేది. పాత పద్ధతిలో పాలతో కూడా కాదు, నీళ్ళతోనే. నీళ్ళు మరిగించి, చాక్లెట్ బిళ్ళ వేసి, మోలినీయో అనే చెక్క కవ్వంతో నురగ వచ్చేదాకా చిలుకుతారు. కాబట్టి చాక్లెట్ వెయ్యడానికి సిద్ధమైన నీళ్ళంటే సలసలా కాగుతున్న నీళ్ళు. మనిషి అలా ఉన్నాడంటే కోపంతో కుతకుతలాడిపోతున్నాడని. వలపు తట్టుకోలేక వేగిపోతున్నవాళ్ళకీ ఇదే మాట.

లౌరా ఎస్కివెల్ 1989 నాటి నవల ఇది. 1992లో సినిమాగా తీసిన అల్ఫోన్సో అరావు అప్పటికి ఆవిడ భర్త, స్క్రీన్‌ప్లే ఆవిడదే. కథాకాలం మెక్సికో విప్లవం రోజులు, చోటు అమెరికా సరిహద్దులోని పియెద్రాస్ నెగ్రాస్. ఆ ఇంటి కట్టుబాటు ప్రకారం ఆఖరి కూతురు పెళ్ళి చేసుకోకూడదు, తల్లి పోయేదాకా ఆమె సేవలోనే ఉండాలి. ఆ ఆఖరి పిల్ల టీటా. ఆమెని ప్రేమించిన పేద్రో, దగ్గర్లో ఉండొచ్చు కదా అని అక్క రొసౌరాని కట్టుకుంటాడు. ఇక ఒకే ఇంట్లో, రోజూ ఎదురుపడుతూ, ఏళ్ళ తరబడి. నవలలో అధ్యాయాలు పన్నెండు, నెలకొకటి, ఒక్కో దానికి ఒక వంటకం. ఆగస్టు అధ్యాయంలో టీటాని రచయిత్రి అక్షరాలా ఈ మాటతోనే వర్ణిస్తారు. ఆ రోజు టీటాకి అన్నిటి మీదా చిరాకే. ఎంతో ఇష్టమైన పావురాల కువకువ కూడా భరించలేకపోతుంది. తల మొక్కజొన్న పేలంలా పేలిపోతుందేమో అనిపిస్తుంది.

తెలుగు సంగతికొస్తే, ‘ఎసరు’ ఉండగా ‘కోసం నీళ్ళు’ ఎందుకండీ? అన్నానికని పొయ్యెక్కించిన నీళ్ళకి మనకి విడిగా ఓ పేరే ఉంది. లోపల ఇంకా ఏదీ పడలేదు, పడాలి అన్న సంగతి కూడా ఆ మాటలోనే ఉంది. నా ఓటు ‘ఎసరులా మరుగుతోంది’కి. చాక్లెట్ పోయినా నష్టం లేదు.

మరొకరు: ఎసరంటే నాకు ‘ఉద్యోగానికి ఎసరు పెట్టాడు’ గుర్తొస్తుంది మాస్టారూ. చదివినవాడు టీటా ఎవరి కొంప ముంచుతోందో అనుకుంటాడు. మా వైపు ‘మసలకాగుతోంది’ అంటారు, అది చాలదా?

జవాబు: ఎసరు పెట్టడం వేరు, మరగడం వేరు. క్రియ మారితే ఆ అపార్థం రాదు. మసలకాగడం బాగుంది గానీ నాకందులో కోపమే వినిపిస్తోంది. స్పానిష్ మాటలో మజా అంతా రెండర్థాలూ కలిసి ఉండడంలోనే ఉంది. అలాంటిది మనకీ లేకపోలేదు: తాపం. కోపతాపాల్లో ఒకటి, విరహతాపంలో ఇంకొకటి. కానీ తాపం అనగానే ప్రబంధ నాయిక వచ్చి, చందనం పూయించుకుని, తామరాకుల మీద పడుకుంటుంది. టీటా వంటింట్లో ఉల్లిపాయలు తరిగే పిల్ల. ‘ఉడుకు’ తెచ్చుకుందామంటే ఉడుకుమోతు అడ్డొచ్చి వ్యవహారం చిన్నపిల్లల అలకలోకి జారుతుంది. ‘ఎసరు మరగడం’ అన్న మాటకి ముందే అంటుకున్న అర్థం ఏదీ లేదు. కోపం కావాలంటే కోపం, వలపు కావాలంటే వలపు.

ఇంకొకరు: పేద్రో అక్కని చేసుకుంటున్నాడని తెలిసి పనిపిల్ల చెంచా ఏమందో ఎవరూ ఎత్తలేదే! (పేరు చూసి నవ్వకండి, ఆ పిల్ల ఎవరికీ చెంచా కాదు.) టాకోలు తీసేసి ఎంచిలాడాలు పెడితే సరిపోతుందా అంటుంది. దీన్ని ‘ఇడ్లీ బదులు దోసె’ చేస్తే?

జవాబు: టాకోకీ ఎంచిలాడాకీ అడుగున ఉండేది ఒకే రకం రొట్టె, కాబట్టి అక్కాచెల్లెళ్ళకి అతికింది. ఇడ్లీ, దోసె కూడా ఆ లెక్కలో దగ్గరివే. అయితే ఆ సరిహద్దు ఊరి వంటింట్లోకి ఇడ్లీ పాత్ర ఎలా వచ్చిందా అని చదివేవాడు ఆగిపోతాడు. టాకో ఇప్పుడు మన దగ్గరా అమ్ముతున్నారుగా, అలాగే ఉంచేస్తే సరి.

నాకు నిజంగా టెన్షన్ పెట్టేది తల్లిని పిలిచే పిలుపు. టీటా తల్లి మామా ఎలెనాకి ‘మామా’ (స్పానిష్‌లో ‘అమ్మ’) అంటే చులకనగా వినిపిస్తుంది. ‘మామీ’ అనే పిలవాలని కూతుళ్ళకి చిన్నప్పట్నుంచీ హుకుం. టీటా ఒక్కతే మొరాయిస్తుంది, లేదంటే అనాల్సిన గొంతుతో అనదు. అందుకు తిన్న చెంపదెబ్బలకి లెక్కలేదు. ముద్దుపిలుపుని ఉత్తర్వుగా జారీ చేసిన మహాతల్లి! ‘అమ్మగారూ’ అంటే భయం మిగిలి ముద్దు పోతుంది. ‘మమ్మీ’ అంటే కాన్వెంటు గుర్తొస్తుంది. ‘అమ్మలూ’ మన దగ్గర కూతుర్ని పిలిచే మాట.

మరొకరు: ‘అమ్మా’ అనిపించి, వెనకే ‘మీరు’ పెట్టి చూడండి. ‘అమ్మా, మీరు పిలిచారా?’ దగ్గరా ఉంది, దూరమూ ఉంది.

జవాబు: ఇది పనిచేస్తుంది. మిగతా ఇద్దరు అక్కల చేతా ‘మీరు’ అనిపించి, టీటా నోట అప్పుడప్పుడూ ‘నువ్వు’ జారనిస్తే చెంపదెబ్బకి కారణం కూడా దొరుకుతుంది.