డీజిల్ పడ్డ బండి: పైన పెట్రోలు నింపి తోలొచ్చా, మొత్తం దించాల్సిందేనా?

అలిపిరి మెట్టు:
నిన్న పొద్దున తిరుపతి కరకంబాడి రోడ్డులో ఒక బంకులో 300 రూపాయలకి పోయించుకున్నా. ఫోన్లో మాట్లాడతా ఉండా, తప్పు నాది కూడా ఉండాది. పోసే పిల్లోడు కొత్తోడు. లీలామహల్ సర్కిల్ దాటేదాకా బండి బాగానే వచ్చింది. ఆడ్నుంచి పికప్ లేదు, సైలెన్సర్లో తెల్లపొగ. కపిలతీర్థం ఎదురుగా రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. సెల్ఫ్ కొట్టి కొట్టి బ్యాటరీ కూడా నీరసపడిపోయింది. అప్పుడు జేబులో బిల్లు తీసి చూస్తే డీజిల్ అని ఉండాది.

బండి 150 సీసీ, బీఎస్6 (కొత్త పొగ నిబంధనలది), ఇంజెక్షన్‌ది, అంటే పంపు నెట్టిన పెట్రోలుని ఇంజెక్టర్ సన్నగా చిమ్ముతుంది. ట్యాంకు 12 లీటర్లు. అందులో పాత పెట్రోలు 2 లీటర్లు ఉండొచ్చు, దానిమీద 3 లీటర్లు డీజిల్ పడింది. మా మామేమో ట్యాంకు నిండా పెట్రోలు పోసేయ్, పలచనైపోతుంది, రెండు రోజులు తోలితే అదే సర్దుకుంటుంది అంటాడు. మెకానిక్ ట్యాంకు విప్పాల్సిందే అంటాడు. ఎవరి మాట వినాల?

పలమనేరు పాలక్యాను:
మీ మామ చెప్పిందే కరెక్టు. మా తోటలో మందు కొట్టే ఇంజన్‌కి పెట్రోలు క్యాను, ట్రాక్టర్‌కి డీజిల్ క్యాను పక్కపక్కనే పెడతాం. ఒకసారి చీకట్లో మా తమ్ముడు డీజిల్ క్యాను ఎత్తి బండిలో ఒంచేసినాడు. అర లీటరు పడేసరికి వాసన పట్టి ఆపినాడు. పైన పెట్రోలు నింపినాం. ఒక పూట పొగ కక్కింది, అంతే. ఆ బండి మీదే ఈపొద్దుటికీ కేంద్రానికి పాలు పోతాండాయి.

మా తాత కాలంలో బాయికాడ ఇంజన్‌ని పెట్రోలుతో స్టార్ట్ చేసి, వేడెక్కినాక కిరసనాయిలు మీదికి తిప్పేటోళ్లు. ఇంజన్ అంత సుకుమారం ఏం కాదు సామీ. ట్యాంకు విప్పకపోతే మెకానిక్‌కి నాలుగు డబ్బులు యాడ్నుంచి వస్తాయి?

పదో నంబరు స్పానర్:
నేనూ ఆ నాలుగు డబ్బులు తినేవాణ్ణే కాబట్టి నా మాట నమ్మొద్దు, లెక్క నమ్మండి. పాలక్యాను అన్నా, మీ బండిలో పడింది అర లీటరు. ఈయనకి పడింది 3. ట్యాంకు 12 లీటర్లూ నింపినా అందులో పావు వంతు డీజిలే. పావు వంతు డీజిల్‌తో పెట్రోలు బండి స్టార్ట్ అయినా సరిగ్గా లాగదు. పైగా ఇంకో 7 లీటర్లు మంచి పెట్రోలు ఆ బురదలో కలిపినట్టు. 700 పైన రూపాయలు పోయె, బండీ కదలకపాయె.

మీ తాత ఇంజన్ సంగతి వేరు. దాని కంప్రెషన్, అంటే లోపల నొక్కే ఒత్తిడి, తక్కువ. అయినా చల్లటి ఇంజన్‌ని కిరసనాయిలుతో లేపలేకే కదా ముందు పెట్రోలు పోసింది! డీజిల్ కిరసనాయిలు కంటే ఇంకా బరువు, తొందరగా ఆవిరి కాదు. ప్లగ్గు నిప్పు కొట్టే సమయానికి మండడానికి ఆవిరి ఉండాల. చల్లటి ఇంజన్లో డీజిల్ చుక్కలు చుక్కలుగా పడి ప్లగ్గుని తడిపేస్తుంది. ఇంజన్ వేడిమీద ఉంటే ఇంకో తంటా. ఒత్తిడికి తనంతట తాను అంటుకోవాలని చేసింది డీజిల్, అంటుకోకూడదని చేసింది పెట్రోలు. పెట్రోలు అట్లా అంటుకోకుండా ఎంత తట్టుకుంటాదో చెప్పే కొలత ఆక్టేన్. అందులో డీజిల్ కలిస్తే అది పడిపోయి, లోపల టకటకా కొట్టుకుంటుంది.

మీది కార్బురేటర్ (గాలీ పెట్రోలూ కలిపి ఇంజన్‌కి పంపేది) ఉండే బండి అయ్యుంటాది. దానికి ట్యాంకు కింద కుళాయి మూసి, కార్బురేటర్ గిన్నె అడుగు స్క్రూ విప్పితే పని సగం అయినట్టే. ఇంజెక్షన్ బండికి పంపు ట్యాంకు లోపలే మునిగి ఉంటాది. సెల్ఫ్ కొట్టక్కర్లేదు, తాళం ఆన్ చేస్తే చాలు, రెండు మూడు సెకన్లు తిరిగి ట్యూబులోకి నెట్టేస్తుంది. అందుకే అలిపిరి తమ్ముడూ, ఇంకోసారి తాళం ముట్టుకోవద్దు. తోసి స్టార్ట్ చేయడాలు అసలే వద్దు. కాలని డీజిల్ పిస్టన్ రింగుల సందుల్లోంచి దిగి ఇంజన్ ఆయిల్‌ని పలచన చేస్తుంది. సైలెన్సర్లో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉండాది, అది పోతే ట్యాంకు విప్పిన కూలీ నీకు గుర్తు కూడా రాదు.

చంద్రగిరి బురుజు:
డీజిల్ బరువు కదా అన్నా, అడుక్కి పోతుంది. ట్యూబు వేసి అడుగుది మూడు లీటర్లు పీల్చేస్తే పైన పెట్రోలు మిగలదా?

ల్యాబు కోటు:
మిగలదు. రెండూ ముడిచమురు నుంచి వచ్చినవే, పాలూ నీళ్లలాగా కలిసిపోతాయి. బరువు తేడా ఉన్న మాట నిజమే, కానీ బండి రెండు గతుకులు ఎక్కేసరికి అంతా ఒకటే. అడుగున విడిగా కూర్చునేది నీళ్లు. నీళ్లు పడ్డ ట్యాంకుకీ డీజిల్ పడ్డ ట్యాంకుకీ వైద్యం ఒకటి కాదు.

నోటితో మాత్రం పీల్చకండి. డీజిల్ గొంతులో పడి ఊపిరితిత్తుల్లోకి పోతే ఆస్పత్రే. చేతి పంపు పెట్టండి. ఆరుబయట, ఇనుప డబ్బాలోకి, పక్కన బీడీ కాల్చేవాళ్లు లేకుండా.

పాత బంకోడు:
నేను బంకులో ఆరేళ్లు పోసినాను. అందరూ ఇంజన్ గురించే మాట్లాడతాండారు. బిల్లు దాచినావా తమ్ముడూ? అది ఉంటే యజమానితో మాట్లాడే తీరే వేరు. తప్పు పిల్లోడిది, కానీ వాడి జీతంలో కోయించొద్దు, ఓనరుతో తేల్చుకో. ఇంకోటి, ఫిల్టర్ పేపర్ అడిగితే బంకులో ఇవ్వాల్సిందే. నాజిల్ తుడిచి ఒక చుక్క వేసి చూడు. మంచి పెట్రోలు నిమిషం రెండు నిమిషాల్లో ఎగిరిపోతుంది, మరక ఉండదు. డీజిల్ కలిస్తే నూనె మరక అట్లే నిలబడుతుంది. మన జనం సున్నా చూసుకుంటారే గానీ ఏ నాజిల్ ఎత్తినాడో చూడరు.

పలమనేరు పాలక్యాను:
సరే, 3 లీటర్లంటే ఎక్కువే, ఒప్పుకుంటా. నాది కార్బురేటర్ బండే. దించిన మాలు పారబోయొద్దు, మా ట్రాక్టర్‌కి పోసుకుంటా, పంపించు.

పదో నంబరు స్పానర్:
ట్రాక్టర్‌ని కూడా నా షెడ్డుకి తెచ్చేదాకా నిద్రపోవా అన్నా? డీజిల్ పంపుకి డీజిలే నూనె. పెట్రోలు కలిస్తే ఆ జిడ్డు పోయి పంపు లోపల అరిగిపోతుంది.

అలిపిరి మెట్టు:
అందరికీ దండాలు. మెకానిక్ దగ్గరే దించినాం. ట్యాంకు విప్పి, పంపు బయటికి తీసి, లీటరు పెట్రోలుతో కడిగి ఒంచినాడు. ప్లగ్గు తీస్తే నల్లగా తడితడిగా ఉండాది, కొత్తది వేసినాం. నాకు నచ్చిన పని ఒకటి చేసినాడు. ఇంజెక్టర్ కాడి ట్యూబు తీసి సీసాలో పెట్టి, తాళం ఆన్ ఆఫ్, ఆన్ ఆఫ్ చేయమన్నాడు. తడవ తడవకీ వచ్చిన చుక్కని పేపరు మీద వేసినాడు. మొదటి నాలుగు చుక్కలూ మరకలే. అయిదోది అంచున కాస్త. ఎనిమిదోదానికి పేపరు తెల్లగా ఆరిపోయింది. అప్పుడు ట్యూబు బిగించినాడు. సెల్ఫ్ మూడోసారికి అందుకుంది, అయిదు నిమిషాలు పొగ పోసి సర్దుకుంది.

బంకు ఓనరు 3 లీటర్లు పెట్రోలు పోసి, మెకానిక్ ఖర్చులో సగం ఇచ్చినాడు. మిగతా సగం ఫోన్ మాట్లాడినందుకు అనుకున్నా. నిన్న ఘాట్ రోడ్డెక్కి కొండకి పోయొచ్చినా, మలుపుల్లో ఎక్కడా తడబడలేదు.

పదో నంబరు స్పానర్:
ఇంజన్ ఆయిల్ మార్చినావా లేదా? అది చెప్పలేదే.

అలిపిరి మెట్టు:
లేదన్నా. మొత్తం తీసి వాసన చూసినాం, డీజిల్ వాసన రాలేదు.

పదో నంబరు స్పానర్:
మొత్తం తీసి, మళ్లీ అదే పోసినారా?

అలిపిరి మెట్టు:
మామ అట్లనే పోయమన్నాడు.