వాములో సగం గడ్డి నల్లబడింది, మిగిలింది 40 రోజులకే. ఏం చెయ్యాలి?

కాశీనగర్ రైతు:
మాది గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర పల్లె. ఒక జత ఎడ్లు, రెండు ఆవులు, 4 నెలల పెయ్య ఉన్నాయి. ఒక ఆవు 7 నెలల చూలు. ఈసారి కూలీలు దొరక్క వరి మిషనుతో కోయించాం. సగం గడ్డి పొలంలోనే నలిగిపోయింది. మిగిలింది ఏరి వాము వేసేలోగా వాన పట్టుకుంది. నిన్న చెయ్యి పెట్టి లాగితే మోచేతి లోతు నుంచి నల్లగా, పాత గోనెసంచి వాసనతో వచ్చింది.

బాగున్నది 1000 కిలోలు ఉంటుందేమో. పెద్దవాటికి తలా 6 కిలోలు వేస్తే రోజుకు 24 కిలోలు. పచ్చగడ్డి వానలు పడ్డాకే కదా. పాతపట్నం నుంచి తెప్పిద్దామంటే ట్రాక్టరు బాడుగ విని గుండె గుభేలుమంది. ఎడ్లను అమ్మేద్దామంటున్నాడు నాన్న. యూరియా కలిపితే ఆ నల్లగడ్డి పనికొస్తుందా?

గుణుపురం పాతకాపు:
నల్లగడ్డి మాట మర్చిపో తమ్ముడూ. బూజును యూరియా బాగు చెయ్యదు. చూలావు దగ్గరికి అసలు రానివ్వకు, కడుపు పోయి ఈచుకుపోతే ఎవరిని అంటాం? పెంటలో వేసెయ్.

యూరియా మంచి గడ్డికే. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. పొరపొరకీ చల్లుతూ తొక్కి, గాలి దూరకుండా టార్పాలిన్ కప్పి 21 రోజులు వదిలెయ్. తీసినప్పుడు ఘాటు ముక్కుకు కొడుతుంది. గంట ఆరబెట్టి, మొదట్లో మామూలు గడ్డిలో కొంచెమే కలిపి వెయ్. పెయ్యకు వద్దు, 6 నెలలు దాటాలి. కుడితిలో మాత్రం యూరియా కలపకు, ప్రాణం పోతుంది. దీంతో గడ్డి పెరగదు, గడ్డిలో బలం పెరుగుతుంది. ఒకేసారి మొత్తం కప్పెయ్యకు, ఆ మూడు వారాలు ఏం పెడతావు?

పర్లాకిమిడి నుంచి ఒక అమ్మ:
బాబూ, ముందు గడ్డిని నరికి గాడిలో వెయ్యండి. మా ఆవు పొడుగు గడ్డిని లాగి, కాళ్ల కింద వేసుకుని, దాని మీదే పడుకునేది. నరికాక ఊడ్చేది చాలా తగ్గింది.

గట్ల మీద గ్లిరిసిడియా చెట్లు ఉంటే కొమ్మలు కొట్టుకురండి. మొదట ముట్టవు. రాత్రంతా వాడనిచ్చి, తవుడు చల్లి పెడితే నాలుగో రోజుకు మావి అలవాటు పడ్డాయి. సుబాబుల్ ఆకు కూడా మంచిదే, కానీ మేతలో మూడో వంతు దాటనివ్వకండి.

రాయగడ:
ఎడ్లు ఇప్పుడు అమ్మకండి. గడ్డి లేనోళ్లంతా ఒకేసారి సంతకు తోలితే ధర ఎక్కడ పలుకుతుంది? దుక్కి రోజున ట్రాక్టరు కోసం తిరగాల్సింది మీరే.

కాశీనగర్ రైతు:
నల్లది పెంటలో వేసేశాం. 200 కిలోల మంచి గడ్డికి యూరియా నీళ్లు చల్లి కప్పాను, తేదీ గోడ మీద బొగ్గుతో రాశాను. గ్లిరిసిడియాను ఎడ్లు తిన్నాయి. చూలావు మాత్రం వాసన చూసి మొహం తిప్పేసింది. నాన్న ఇంకా సంత గురించే మాట్లాడుతున్నాడు కానీ, పొద్దున్నే కత్తి పట్టుకుని కొమ్మలకు వెళ్తున్నది ఆయనే.