ఇంటి ఆర్కేడ్ పెట్టె మెనూలో కంప్యూటర్ ఆటలు: ఆట ముగిశాక వెనక్కి రావడం ఎలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అందరికీ నమస్కారం. నాలుగు నెలల కష్టం తర్వాత మా ఇంట్లో ఆర్కేడ్ పెట్టె నిలబడింది. పద్దెనిమిది మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో మా వీధి వడ్రంగి చేసి ఇచ్చాడు. లోపల పాత ఆఫీసు కంప్యూటర్, 19 అంగుళాల చదరపు మానిటర్, రెండు జీరో డిలే బోర్డులు (స్టిక్, బటన్లను కంప్యూటర్‌కు కలిపేవి), విండోస్ మీద రెట్రోబ్యాట్ (ఆటల మెనూ చూపించే ప్రోగ్రాం). మేమ్‌లో (పాత ఆర్కేడ్ యంత్రాలను అనుకరించే ప్రోగ్రాం) ఆర్కేడ్ ఆటలన్నీ చక్కగా నడుస్తున్నాయి. మనమంతా 'ముస్తఫా' అని పిలుచుకున్న 1993 నాటి కాప్‌కామ్ ఆట మొదటిసారి తెరిచిన రోజు మా తమ్ముడూ నేనూ రాత్రి పన్నెండు దాకా కదల్లేదు. బస్టాండు దగ్గరి వీడియోగేమ్ కొట్టులో రూపాయి బిళ్ళలు లెక్కపెట్టుకుంటూ ఆడిన ఆట అది.

చిక్కంతా కంప్యూటర్ ఆటలతోనే. మా నాన్నగారికి ఆర్కేడ్ ఆటలు పట్టవు. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో భోజన విరామంలో ఆఫీసు కంప్యూటర్ మీద ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడేవారు. ఇప్పుడు ఆయనకు డెబ్బై దాటాయి. దాన్ని డాస్‌బాక్స్‌లో (పాత డాస్ ఆటలను నడిపించే ప్రోగ్రాం) పెట్టి మెనూలో చేర్చాను. ఆట తెరుచుకుంటోంది కానీ ముగిశాక మెనూకి రావడం లేదు. మొన్న నేను బజారు నుంచి వచ్చేసరికి ఆయన పెట్టె ముందు నిలబడి ఉన్నారు. తెర మీద నల్లటి డాస్ గడి, పక్కన మౌస్ బాణం. పెట్టెకు కీబోర్డు లేదు, మౌస్ లేదు. ఎంతసేపటి నుంచి అలా నిలబడ్డారో చెప్పలేదు. 'నువ్వు వచ్చాక చూద్దామని' అన్నారంతే. నేను ఇంట్లో లేకపోయినా ఆయన ఒక్కరే ఆడుకోగలగాలి. అంతకు మించి నాకేమీ అక్కర్లేదు.

ఇంకో సంగతి. కొత్త ఆటల్లో కొన్ని నా బోర్డును అసలు గుర్తించడం లేదు.

బరంపురం బటన్లు (గంజాం జిల్లా)

మీ రెండో ప్రశ్న తేలిక, దానితో మొదలుపెడతాను. జీరో డిలే బోర్డు విండోస్‌కు మామూలు యూఎస్‌బీ జాయ్‌స్టిక్‌గా కనిపిస్తుంది. అది డైరెక్ట్‌ఇన్‌పుట్ అనే పాత పద్ధతి. కొత్త ఆటల్లో చాలావరకు ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ పద్ధతి అయిన ఎక్స్‌ఇన్‌పుట్‌నే వింటాయి. అందుకే మేమ్‌లో పనిచేసిన స్టిక్ అక్కడ మూగబోతుంది. ఎక్స్360సీఈ అనే ఉచిత ప్రోగ్రాం మీ బోర్డును ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌లా చూపిస్తుంది. అయితే అసలు బోర్డూ, ఈ నకిలీ కంట్రోలరూ రెండూ ఆటకు కనిపించాయంటే ఒక నొక్కు రెండు నొక్కులవుతుంది. హిడ్‌హైడ్ అనే ప్రోగ్రాంతో అసలు బోర్డును దాచేయండి.

నేను ఈ బాధ పడలేక కీబోర్డు ఎన్‌కోడర్ కొన్నాను (ఐపాక్). అందులో ప్రతి బటనూ ఒక కీ అన్నమాట. కీబోర్డు వినని కంప్యూటర్ ఆట అరుదు. కానీ అందులోనూ ఒక గోతిలో పడ్డాను. దాని సొంత అమరికలో మొదటి ఆటగాడి బటన్లు ఎడమ కంట్రోల్, ఎడమ ఆల్ట్, స్పేస్, ఎడమ షిఫ్ట్. షిఫ్ట్‌ను వరుసగా ఐదుసార్లు నొక్కితే విండోస్ 'స్టికీ కీస్ కావాలా' అని ఒక కిటికీ తెరుస్తుంది. మీ నాన్నగారి ఆటలో కత్తి దూసేది షిఫ్ట్‌తోనే కదా! కత్తియుద్ధం మధ్యలో ఆ కిటికీ వచ్చి నిలబడుతుంది, ఈలోగా ఎదుటివాడు పొడిచేస్తాడు. కంట్రోల్ ప్యానెల్‌లో ఆ షార్ట్‌కట్‌ను ముందే తీసేయండి.

గోదావరి గట్టు (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా)

నమస్తే అన్నా. మా ఊరు దాటి కాస్త దూరం వెళితే బాసర. ఇక్కడ ఆర్కేడ్ పెట్టె సంగతులు మాట్లాడుకునే తెలుగువాళ్ళు లేక ఇన్నాళ్ళూ ఒక్కడినే తిప్పలు పడ్డాను. ఈ చర్చ చూసి ప్రాణం లేచొచ్చింది.

వెనక్కి రావడం గురించి చెబుతాను. మెనూ ప్రోగ్రాం ఒక ఆటను పిలిచినప్పుడు, ఆ పిలిచిన ఫైలు మూసుకునేదాకా పక్కకు తప్పుకుని కూర్చుంటుంది. మూసుకోగానే తిరిగి ముందుకొస్తుంది. ఇది అర్థమైతే సగం చిక్కులు విడిపోతాయి. స్టీమ్ (ఆటలు కొని నడిపించుకునే ఆన్‌లైన్ దుకాణం) ఆటలనే తీసుకోండి. మెనూ స్టీమ్‌కు కబురు చెబుతుంది, స్టీమ్ ఆటను వేరుగా తెరుస్తుంది, కబురు మోసిన ప్రోగ్రాం క్షణంలో ముగిసిపోతుంది. ఆట అయిపోయిందనుకుని మెనూ వచ్చి ఆట మీద కూర్చుంటుంది. మీరు బటన్ నొక్కితే వెనకాల ఆట కదులుతుంది, ముందు మెనూ కదులుతుంది.

నేను ప్రతి స్టీమ్ ఆటకూ ఒక చిన్న బ్యాచ్ ఫైలు (విండోస్ ఆదేశాలను వరుసగా నడిపే ఫైలు) రాశాను. అది ఆటను పిలిచి, ఇరవై సెకన్లు ఆగి, ఆ తర్వాత ఆట ఫైలు పేరు టాస్క్‌లిస్ట్‌లో (నడుస్తున్న ప్రోగ్రాంల జాబితా) ఉన్నంతసేపూ రెండేసి సెకన్లకు చూస్తూ ఉంటుంది. పేరు మాయమైతే తానూ ముగుస్తుంది. ఆట నడిచినంతసేపూ ఆ బ్యాచ్ ఫైలు బతికి ఉండాలి, కిటుకు అదే. ప్లేనైట్ అనే మెనూ ప్రోగ్రాం అయితే ఈ పనిని తనే చూసుకుంటుంది, అదీ ఉచితమే.

ఆటను మూయడానికి జాయ్‌టుకీలో (బటన్ నొక్కులను కీబోర్డు కీలుగా మార్చే ప్రోగ్రాం) కాయిన్, స్టార్ట్ బటన్లను కలిపి నొక్కితే ఆల్ట్-ఎఫ్4 వెళ్ళేలా పెట్టుకున్నాను. ఒక్క బటన్‌కే పెట్టకండి. మా మేనల్లుడు పోరు మధ్యలో చెయ్యి జారి దాన్ని నొక్కి ఏడ్చాడు.

ప్రాణహిత (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

గోదావరి గట్టు చెప్పినదానికి ఒక ముక్క జోడిస్తాను, ఇది నాకు వారం రోజులు నిద్ర లేకుండా చేసింది. ఆటను అడ్మినిస్ట్రేటర్‌గా (ఎక్కువ హక్కులతో) నడిపిస్తూ జాయ్‌టుకీని మామూలుగా నడిపిస్తే, జాయ్‌టుకీ పంపే కీలను విండోస్ ఆ ఆట దాకా పోనివ్వదు. మిగతా ఆటలన్నీ మూసుకుంటాయి, ఆ ఒక్కటే మొండికేస్తుంది. కారణం ఎక్కడా కనిపించదు. ఆటకు ఆ హక్కు నిజంగా అవసరమా అని చూడండి. అవసరమైతే జాయ్‌టుకీకి కూడా ఇవ్వండి.

కొన్ని ఆటలు నేరుగా తెరిస్తే నడుస్తాయి, మెనూ నుంచి తెరిస్తే వెంటనే మూసుకుంటాయి. అవి తమ ఫైళ్ళను తామున్న ఫోల్డర్‌లో వెతకడం లేదు, పిలిచినవాడి ఫోల్డర్‌లో వెతుకుతున్నాయి. బ్యాచ్ ఫైలులో ముందు సీడీ ఆదేశంతో ఆట ఫోల్డర్‌లోకి వెళ్ళి, ఆ తర్వాత పిలవండి. వేరే డ్రైవులో ఉంటే సీడీ పక్కన స్లాష్ డీ మరిచిపోవద్దు.

మా దగ్గర ఇంటర్నెట్ రోజూ ఉంటుందన్న నమ్మకం లేదు. అందుకని నేను స్టీమ్ మీద ఆధారపడడం మానేశాను. జీఓజీ అనే ఆన్‌లైన్ దుకాణంలో కొన్న ఆటలకు తాళాలు ఉండవు, ఇన్‌స్టాలర్ ఫైలు మన దగ్గరే దాచుకోవచ్చు. మంచిర్యాలలో చుట్టాలింటికి వెళ్ళినప్పుడు హార్డ్‌డిస్కు నింపుకుని వస్తాను. అవి నేరుగా తెరుచుకునే ఆటలు కాబట్టి స్టార్ట్ స్లాష్ వెయిట్ (ఆట మూసుకునేదాకా ఆగే ఆదేశం) ఒక్కటే చాలు, టాస్క్‌లిస్ట్ తిప్పలు ఉండవు.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే అమరికల తెర) కరెంటు రాగానే యంత్రం దానంతట అదే లేచే అమరిక ఒకటి ఉంటుంది. పెట్టెకు అది బాగుంటుందని పెట్టుకున్నాను. రాత్రి రెండింటికి కరెంటు వచ్చి, పెట్టె వెలిగి, పాటతో ఇల్లంతా లేచింది. ఇప్పుడు అది తీసేసి, మదర్‌బోర్డు పవర్ స్విచ్ పిన్నులకు ఒక ఆర్కేడ్ బటన్ కలిపాను. నొక్కితేనే లేస్తుంది. చిన్న యూపీఎస్ మాత్రం తప్పనిసరి.

రాయగడ అక్క (రాయగడ)

నా పెట్టె పిల్లల కోసం కట్టినది. అందుకే నేను వేరే వైపు నుంచి చెబుతాను: అసలు మెనూలో ఏ ఆట పెట్టాలి? మొదట్లో అరవై కంప్యూటర్ ఆటలు చేర్చాను. ఇప్పుడు తొమ్మిదే ఉన్నాయి. మౌస్ లేకుండా మొదలవ్వాలి, స్టిక్కూ ఆరు బటన్లతో ఆడగలగాలి, బటన్లతోనే బయటికి రావాలి. ఈ మూడింటిలో ఏది కుదరకపోయినా తీసేశాను. ముందు 'సెట్టింగ్స్, ప్లే' అని ఒక చిన్న కిటికీ తెరిచి మౌస్‌తో నొక్కమనే ఆటలు ఎంత మంచివైనా పెట్టెలో ఇమడవు. కప్‌హెడ్, స్ట్రీట్స్ ఆఫ్ రేజ్ 4 లాంటివి ఈ పెట్టెల కోసమే పుట్టాయా అన్నట్టుంటాయి.

మహేంద్రతనయ గారూ, మీ నాన్నగారి ఆటకు జాయ్‌టుకీ అక్కర్లేదు. డాస్‌బాక్స్‌లోనే కీమ్యాపర్ ఉంది. కీబోర్డు, మౌస్ ఒక్కసారి తగిలించి, ఆట నడుస్తుండగా కంట్రోల్-ఎఫ్1 నొక్కండి. తెర మీద కీబోర్డు బొమ్మ వస్తుంది. షిఫ్ట్ మీద నొక్కి, యాడ్ నొక్కి, మీ పెట్టె మీది బటన్ నొక్కండి. బాణాలకు స్టిక్ కూడా అలాగే. చివరికి సేవ్ నొక్కండి. ఇందులో ఉన్న పెద్ద లాభం ఏమిటంటే, ఆ షిఫ్ట్ డాస్‌బాక్స్ లోపలే పుడుతుంది. విండోస్‌కు దాని ఊసే తెలియదు. బరంపురం గారు చెప్పిన కిటికీ ఇక రాదు.

అదే తెరలో కింద షట్‌డౌన్ అని ఉంటుంది. దానికి కూడా బటన్ ఇవ్వవచ్చు. ముందు మాడ్1 అనేదాన్ని కాయిన్ బటన్‌కు ఇచ్చి, షట్‌డౌన్‌ను స్టార్ట్‌కు ఇచ్చి, పక్కన మాడ్1 గడి టిక్ చేస్తే రెండూ కలిపి నొక్కినప్పుడే మూసుకుంటుంది. ఇక డాస్‌బాక్స్ కాన్ఫిగ్ ఫైలులో ఆటోఎగ్జెక్ (తెరవగానే నడిచే ఆదేశాలు) చివర, ఆట పేరు ఉన్న వరుస కింద, ఎగ్జిట్ అని రాయండి. మీరు చూసిన నల్ల గడి అది లేకనే మిగిలింది.

మరో మాట. ఆ ఆట తెర 320 × 200 చుక్కలది. పాత మానిటర్ల మీద అది 4:3గా సాగి కనిపించేది. కాన్ఫిగ్‌లో ఆస్పెక్ట్‌ను ట్రూ చేయకపోతే యువరాజు పొట్టిగా కనిపిస్తాడు. మీ నాన్నగారు చెప్పకపోయినా ఆయన కన్నుకు తేడా తెలుస్తూనే ఉంటుంది.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

అక్కా, పొట్టిగా ఉన్నాడని ఆయన నిజంగానే అన్నారు! నేను మానిటర్ తప్పనుకున్నాను. ఈ రాత్రే కూర్చుంటాను.

ఇంకొక్క ప్రశ్న. రెండు జీరో డిలే బోర్డులూ ఒకే రకం. కొన్నిసార్లు కంప్యూటర్ మళ్ళీ మొదలైతే ఒకటో ఆటగాడు, రెండో ఆటగాడు తారుమారవుతున్నారు.

బరంపురం బటన్లు (గంజాం జిల్లా)

రెండు బోర్డులకూ గుర్తింపు సంఖ్య ఒకటే, విడివిడి క్రమసంఖ్యలు లేవు. కాబట్టి ఏది ఎవరిదో విండోస్ ఏ రోజుకారోజు తేల్చుకుంటుంది. తీగలను ఒకే యూఎస్‌బీ రంధ్రాల్లో ఎప్పుడూ ఉంచండి, మధ్యలో హబ్ పెట్టకండి. అప్పటికీ మారితే డెవ్‌రీఆర్డర్ అనే చిన్న ప్రోగ్రాం డైరెక్ట్‌ఇన్‌పుట్ ఆటలకు వరుస ఖాయం చేస్తుంది. ఇద్దరి బటన్లూ ఒకే బోర్డు మీదికి వచ్చే కీబోర్డు ఎన్‌కోడర్‌లో ఈ గొడవే లేదు. ఖర్చు ఎక్కువే, కానీ నేను మళ్ళీ కట్టినా అదే కొంటాను.

గోదావరి గట్టు (ధర్మాబాద్, నాందేడ్ జిల్లా)

అక్కా, మెనూలో ఆటల పేర్లు తెలుగులో పెట్టారా? నేను ప్రయత్నిస్తే వత్తులు విడిపోయి పక్కన పడ్డాయి.

రాయగడ అక్క (రాయగడ)

నాకూ అంతే అయింది. పేరును అక్షరాలుగా ఇవ్వడం మానేసి బొమ్మగా ఇచ్చాను. ఒక్కో ఆటకు పెట్టే లోగో చిత్రంలోనే తెలుగు, ఒడియా రెండూ రాశాను. మా పిల్లలు బడిలో ఒడియా చదువుతారు, తెలుగు ఇంట్లో నేర్పుతున్నాను. 'రాకుమారుడు' అన్న మాటను చిన్నది మొదట చదివింది ఆ పెట్టె మీదే.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)

మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. అక్క చెప్పినట్టే కీమ్యాపర్‌లో అన్నీ కట్టాను. కాయిన్, స్టార్ట్ బటన్ల పక్కన ఎర్ర స్టిక్కర్లు అంటించి 'రెండూ కలిపి' అని రాశాను. నిన్న సాయంత్రం నేను పక్క గదిలో ఉండి తలుపు సందులోంచి చూశాను. నాన్నగారు కళ్ళజోడు పైకి నెట్టి స్టిక్కర్ చదివారు, రెండు బొటనవేళ్ళతో రెండు బటన్లూ నొక్కారు, మెనూ వచ్చింది. వెంటనే మళ్ళీ అదే ఆటలోకి వెళ్ళారు. పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి అలా నాలుగుసార్లు చేశారు.

మూడో దశకు చేరారు. అక్కడి అస్థిపంజరం కత్తికి చావదు, వెనక్కి నెట్టి గోతిలో పడేయాలి. ఆ సంగతి ఆయనకు ఇన్నేళ్ళయినా గుర్తుంది. ఆ దశ నుంచి కంట్రోల్-జీతో ఆటను భద్రం చేసుకోవచ్చు కాబట్టి ఆరో బటన్‌కు అది ఇచ్చాను. కరెంటు పోయినా అరవై నిమిషాల ఆట మళ్ళీ మొదటికి రాదు. ప్రాణహిత గారూ, మీ యూపీఎస్ ఎంత సామర్థ్యం ఉన్నదో చెప్పండి. ఈ ఆదివారం పాతపట్నం వెళ్తున్నాను, కొనుక్కొస్తాను.

ప్రాణహిత (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

600 వీఏ. మీ పాత ఆఫీసు కంప్యూటర్‌కూ చదరపు మానిటర్‌కూ సరిపోతుంది. బ్యాటరీ మీద తయారైన తేదీ చూసి తీసుకోండి.