1974 ఏప్రిల్ 25, లిస్బన్: తిరుగుబాటా, విప్లవమా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. పోర్చుగల్ చరిత్ర మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ‘కూ’ (పూర్తిగా ‘కూ దెతా’) అనే ఫ్రెంచి మాట దగ్గర ఆగిపోయాను. మన పత్రికలు ‘సైనిక తిరుగుబాటు’ అంటాయి, ఒక్కోసారి ‘సైనిక కుట్ర’ అంటాయి. అక్కడ 1926 మే 28న సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసింది. 1974 ఏప్రిల్ 25న కూలదోసిందీ సైన్యమే. మొదటిదాంతో నియంతృత్వం వచ్చింది, రెండోదాంతో పోయింది. రెండింటికీ ఒకే మాట వాడితే ఎలా? రెండోదాన్ని విప్లవం అనేయొచ్చా?

జవాబు:
అనొచ్చు గానీ, కాస్త ఆగండి. తిరుగుబాటులో ఉన్నది తిరగబడటం. ఎడబాటు, వెనుకబాటు లాంటి మాటే. కిందివాడు పైవాడి మీద తిరగబడతాడు. పైవాడు కిందివాళ్ల మీద తిరగబడ్డాడని మనం అనం. ఫ్రెంచి మాటకి ఆ పట్టింపు లేదు, అది ‘రాజ్యం మీద దెబ్బ’. ఎవరైనా కొట్టొచ్చు. 1851 డిసెంబరు 2న ఫ్రాన్సులో అధ్యక్షుడు లూయీ నెపోలియనే సొంత చట్టసభని రద్దు చేసి అధికారమంతా గుప్పిట్లో పెట్టుకున్నాడు. మరుసటి ఏడాదికి చక్రవర్తి అయ్యాడు. దాన్ని తిరుగుబాటు అంటే నవ్వుతారు. కుట్ర సంగతంటారా, అది పన్నేది. లిస్బన్‌లో కెప్టెన్లు కొన్ని నెలలపాటు పన్నినది కుట్రే. ట్యాంకులు రోడ్డెక్కాక మాత్రం ఆ మాట చాలదు.

1974లో మీ వ్యాసానికి పనికొచ్చే చిక్కుంది. 13 ఏళ్లుగా ఆఫ్రికాలోని వలస రాజ్యాల్లో యుద్ధాలు చేసి విసిగిన మధ్యస్థాయి అధికారులు తలపెట్టిన పని అది. అర్ధరాత్రి దాటాక 12:20కి రేడియోలో వచ్చిన ఒక పాటే వాళ్లకి సంకేతం. కెప్టెన్ సల్గెయిరు మాయా, శాంతరేఁ అనే ఊరి నుంచి సాయుధ వాహనాలతో రాజధానికి వచ్చాడు. ఇక్కడివరకూ అచ్చంగా సైనిక తిరుగుబాటు. ఇళ్లలోంచి బయటికి రావద్దని సైనికులు రేడియోలో పదేపదే చెప్పారు. జనం వినలేదు. ప్రధాని కైతానో దాక్కున్న కార్ము బ్యారక్స్ ముందు చౌకంతా నిండిపోయింది. లొంగిపోయేటప్పుడు కూడా ఆయన బెంగ ఒక్కటే, అధికారం వీధిన పడకూడదని. అందుకే జనరల్ స్పీనొలాని పిలిపించి అప్పగించాడు. (అప్పటికే అది వీధిలో ఉందని ఆయనకి తెలియక కాదు.) ఆ సాయంత్రం రహస్య పోలీసులు జనం మీద కాల్పులు జరిపితే నలుగురు చనిపోయారు. సరిగ్గా ఏడాదికి, 1975 ఏప్రిల్ 25న, రాజ్యాంగ సభ ఎన్నికల్లో ఓటర్లలో నూటికి 90 మందికి పైగా ఓటేశారు.

నన్నడిగితే తెల్లవారుజామున తిరుగుబాటు, పొద్దుగూకేసరికి విప్లవం. వ్యాసంలో కూడా ఆ క్రమంలోనే మాట మార్చండి.

మరో జవాబు:
విప్లవాన్ని అందరూ బిరుదులా చూస్తున్నారు. పాత సంస్కృతంలో అది ఉపద్రవం, అల్లకల్లోలం. అమరకోశం డింబ, డమర శబ్దాల సరసన పెట్టింది దాన్ని. మెచ్చుకోలు ఈ కాలంలో అంటుకున్నదే. ఆ మెచ్చుకోలు కోసమే గదా, తర్వాత వచ్చిన నియంత సలాజార్ పాలన 1926 నాటి సైనిక చర్యని ‘జాతీయ విప్లవం’ అని పిలుచుకుంది! కాబట్టి అది వాళ్లు పెట్టుకున్న పేరని తెలిసేలా రాయండి. మీ సొంత వాక్యంలో మటుకు ‘సైన్యం అధికారం చేజిక్కించుకుంది’ అంటే సరి. ప్రతి పరాయి నామవాచకానికీ మనం ఒక నామవాచకం వెతకనక్కర్లేదు, క్రియతో పని జరిగిపోతుంది.

ఇంకొకరు:
మన పితూరీ ఏమైందండీ? రంప పితూరీ అనలేదూ?

జవాబు:
మంచి మాటే, ఉర్దూ మీదుగా వచ్చింది. బ్రిటిష్ రికార్డుల్లో కూడా ‘ఫితూరీ’ అనే ఉంటుంది. అయితే అందులో రాజ్యం గద్దె మీద కూర్చుని కొండజనాన్ని చూసే చూపుంది. పైగా ఇప్పుడు ‘పితూరీలు మోయడం’ అంటే చాడీలు చెప్పడం. లిస్బన్ కెప్టెన్లు ఎవరి మీదో చాడీలు చెప్పొచ్చినట్టుంటుంది.

ప్రశ్న వేసినవారు:
బావుంది. 1926కి క్రియ వాడతాను, 1974కి తిరుగుబాటుతో మొదలెట్టి విప్లవంలోకి వెళ్తాను. ఇంతకీ పోర్చుగీసువాళ్లు ఎక్కువగా తేదీతోనే పిలుస్తారట. లిస్బన్‌లో 1966లో కట్టిన సలాజార్ వంతెన పేరు కూడా తర్వాత ‘ఏప్రిల్ 25 వంతెన’ అయింది. ఇంకొక్క సందేహం. సైనికుల తుపాకీ గొట్టాల్లో జనం పెట్టిన ఆ ఎర్రపూల పేరు మీదే విప్లవాన్ని పిలుస్తారు గదా. ఆ పువ్వుకి తెలుగు పేరుందా?

జవాబు:
కార్నేషన్ అనే ఉంచండి, పూలకొట్లో అడిగినా అదే అంటారు. పోర్చుగీసు నుంచి నేరుగా చేస్తే మటుకు జాగ్రత్త. వాళ్ల భాషలో ఆ పువ్వుకీ లవంగానికీ ఒకటే పేరు. నిఘంటువులో మొదటి అర్థం పట్టుకున్నారంటే అది లవంగాల విప్లవమై కూర్చుంటుంది.