ఇన్నర్ క్లాసులో స్టాటిక్ కౌంటర్: ల్యాబ్‌లో రెండు ఎర్రర్లు, ఇంట్లో ఒకటి

సందేహం:
నమస్కారం. జావా ప్రోగ్రాములో లైబ్రరీ అనే క్లాసు లోపల బుక్ అనే క్లాసు రాసి, పుస్తకాలకు వరుస సంఖ్యలు ఇవ్వడానికి అందులో కౌంట్ అనే స్టాటిక్ వేరియబుల్ పెట్టాను. కాలేజీ ల్యాబ్‌లోని జావా 8 ఆ వేరియబుల్‌నే ఒప్పుకోలేదు. ఇంట్లోని జావా 17 దానిని ఒప్పుకుంది కానీ, రెండు చోట్లా మెయిన్ మెథడ్‌లో ‘న్యూ బుక్’ అన్న వరుస దగ్గర ‘నాన్-స్టాటిక్ వేరియబుల్ దిస్ కెనాట్ బి రిఫరెన్స్‌డ్ ఫ్రమ్ ఎ స్టాటిక్ కాంటెక్స్ట్’ అని వస్తోంది. నేను ‘దిస్’ అని ఎక్కడా రాయలేదు. దయచేసి వివరించగలరు.

సమాధానం:
మీరు రాయకపోయినా కంపైలర్‌కు ఆ ‘దిస్’, అంటే ప్రస్తుత ఆబ్జెక్టు, అవసరం. స్టాటిక్ అని ప్రకటించని లోపలి క్లాసును ఇన్నర్ క్లాసు అంటారు. దాని ప్రతి ఆబ్జెక్టూ బయటి క్లాసుకు చెందిన ఒక ఆబ్జెక్టుతో ముడిపడే పుడుతుంది. మెయిన్ స్టాటిక్ మెథడ్, అంటే ఏ ఆబ్జెక్టుకూ చెందనిది కనుక, ఏ లైబ్రరీతో ముడిపెట్టాలో కంపైలర్‌కు అక్కడ తెలియదు. ముందుగా ‘లిబ్’ అనే లైబ్రరీ ఆబ్జెక్టును సృష్టించి ‘లిబ్ డాట్ న్యూ బుక్’ అని రాయవచ్చు, లేదా బుక్ క్లాసునే స్టాటిక్ చేయవచ్చు.

ఇక మొదటి ఎర్రర్ సంగతి: ఇన్నర్ క్లాసులో విలువ మారే స్టాటిక్ వేరియబుళ్లకు 2021లో వచ్చిన జావా 16 నుండే అనుమతి ఉంది.

బయటి ఆబ్జెక్టుతో పని లేనప్పుడు స్టాటిక్ చేయడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. కీ-వేల్యూ జతలను దాచే, జావాతోనే వచ్చే హాష్‌మ్యాప్ క్లాసు సోర్సు తెరిచి చూడండి: కీ, వేల్యూ వంటివి తనలోనే దాచుకునే నోడ్ క్లాసు స్టాటిక్, మ్యాప్ సైజును అడిగి చెప్పవలసిన కీసెట్ క్లాసు మాత్రం స్టాటిక్ కాదు.

తిరుగు సందేహం:
ధన్యవాదాలండీ. బుక్‌ను స్టాటిక్ చేశాక ఎర్రర్లు పోయాయి. అయితే మొదటి లైబ్రరీలో మూడు పుస్తకాలు చేర్చాక, రెండవ లైబ్రరీలోని మొదటి పుస్తకానికి 4 అనే సంఖ్య వస్తోంది.

సమాధానం:
స్టాటిక్ వేరియబుల్ క్లాసు మొత్తానికీ ఒక్కటే కనుక, ఎన్ని లైబ్రరీలున్నా లెక్క కొనసాగుతూనే ఉంటుంది. కౌంట్‌ను అక్కడి నుండి తీసి, లైబ్రరీ క్లాసులో స్టాటిక్ లేకుండా పెట్టండి. పుస్తకాన్ని చేర్చే మెథడ్ ఆ కౌంట్‌ను ఒకటి పెంచి, వచ్చిన సంఖ్యను బుక్ కన్‌స్ట్రక్టర్‌కు అందించాలి. ఆ కన్‌స్ట్రక్టర్‌ను ప్రైవేటు చేసినా లైబ్రరీ క్లాసు దానిని పిలవగలదు. అప్పుడు లైబ్రరీ కాని ఇతర క్లాసులేవీ సంఖ్య లేని పుస్తకాన్ని సృష్టించలేవు.