అప్‌డేట్: ప్రిఫిక్స్ లిస్ట్ సమస్య తీరింది, తప్పు నాదే

మొన్న అడిగింది ఇదీ: ప్రిఫిక్స్ లిస్ట్‌లో (రౌటర్ ఏ నెట్‌వర్క్ రూట్లను తీసుకోవాలో, వేటిని ఆపాలో చెప్పే జాబితా) 10.20.0.0/16 అని పర్మిట్ (రానివ్వు) రాస్తే దాని లోపలి /24 రూట్లు ఒక్కటీ ఎందుకు రావట్లేదని. (స్లాష్ తర్వాతి సంఖ్య మాస్క్ పొడవు, అంటే అడ్రస్‌లో మొదటి ఎన్ని బిట్లు నెట్‌వర్క్‌వో.) జవాబిచ్చిన వాళ్లందరికీ థాంక్స్, ల్యాబ్‌లో కూర్చుని ఒక్కొక్కటీ మార్చి చూస్తే గానీ బుర్రకెక్కలేదు.

నేను /16 అంటే "ఈ రేంజ్‌లో ఉన్నవన్నీ" అనుకున్నా. కాదు. జీఈ (ge, మాస్క్ పొడవు కనీసం ఇంత), ఎల్ఈ (le, గరిష్ఠంగా ఇంత) లేకపోతే అచ్చంగా ఆ /16 రూట్ ఒక్కటే మ్యాచ్ అవుతుంది. అసలు ఇక్కడ చెకింగ్‌లు రెండు: మొదటి 16 బిట్లు 10.20తో కలవాలి, ఆ తర్వాత రూట్ మాస్క్ పొడవు మనం చెప్పిన హద్దుల్లో ఉండాలి. ఎల్ఈ 24 పెట్టగానే /24లు వచ్చాయి గానీ, వాటితో పాటు 10.20.0.0/16, 10.20.64.0/20 కూడా వచ్చి కూర్చున్నాయి, ఎందుకంటే అప్పుడు 16 నుంచి 24 దాకా అన్నీ ఓకే. నాకు /24లు మాత్రమే కావాలి కాబట్టి జీఈ 24 ఎల్ఈ 24 అని రాశా, అంతే. 10.21.5.0/24 మాత్రం రాదు, పొడవు సరిపోయినా మొదటి 16 బిట్లు కలవవు కదా.

ఇంకో చోట కూడా దెబ్బతిన్నా. ఒక్క డినై (ఆపు) లైన్ రాసి వదిలేస్తే మొత్తం రూట్లు మాయం, లిస్ట్ చివర్లో మిగతావన్నీ ఆపేసే కనపడని డినై ఒకటి ఉంటుందని మర్చిపోయా. సరే అని 0.0.0.0/0 పర్మిట్ చేస్తే డిఫాల్ట్ రూట్ (వేరే ఏ రూటూ కలవనప్పుడు వాడేది) ఒక్కటే వచ్చింది (మళ్లీ అదే తప్పు!), ఎల్ఈ 32 తగిలించాక మిగతావన్నీ తిరిగొచ్చాయి.